పాత రౌటరును ఏం చేద్దాం?



ఇంట్లో ఒక వస్తువు పాతబడితే దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. పాత చీర బొంత అవుతుంది. పాత ఇత్తడి బిందెను అంగట్లో తూకానికి వేసి, పైన కొంత డబ్బు కలిపి కొత్త బిందె తెచ్చుకుంటాం. పాత సైకిలు ఏ మేనల్లుడికో పోతుంది. తరతరాలుగా మనకు తెలిసిన లెక్కలు ఇవి. అయితే ఈ ఇరవై ఏళ్ళలో మన ఇళ్ళలోకి వచ్చిన కొన్ని వస్తువులకు ఈ లెక్కలు సరిపోవడం లేదు. అలాంటి వాటిలో ఒకటి వైఫై రౌటరు. గోడకు ఆనుకుని, రెండు కొమ్ములు నిలబెట్టుకుని, చిన్న చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండే పెట్టె. అది ముసలిదైతే ఏం చేయాలి? ఉంచుకోవాలా, ఇంకొకరికి ఇవ్వాలా, వదిలించుకోవాలా? ఈ సంగతి మీతో కొంచెంసేపు మాట్లాడతాను.

నేను ఇంజనీరును కాను. బెంగళూరులో బడి టీచరును. ఈ ప్రశ్న నా ఇంట్లోనే ఎదురైంది. మంచి పని చేస్తున్నాననుకుని ఒక పొరబాటు చేయబోయాను. అది చెబితే మీకూ పనికొస్తుందని ఈ ప్రసంగం.

మా ఇంట్లో రౌటరు 2014లో కొన్నది. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మా వంటింటి పక్క బల్ల మీద నుంచే నేను పాఠాలు చెప్పాను. ఒకవైపు నా పాఠం, ఇంకోవైపు మా అబ్బాయి పాఠం, ముందు గదిలో మా ఆయన ఆఫీసు. అన్నింటినీ ఆ పెట్టే మోసింది. కిందటేడు మేము ఫైబరు కనెక్షను తీసుకున్నాం. దానితోపాటు కొత్త పెట్టె వచ్చింది. పాతదాన్ని తుడిచి అలమారలో పెట్టాను. పారేయడానికి మనసు ఒప్పలేదు. అప్పుడు నాకు కోలారు జిల్లా సరిహద్దులో ఉన్న ఒక చిన్న బడి గుర్తొచ్చింది. ఉద్యోగం కొత్తలో నేను అక్కడ పనిచేశాను. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే ఊరు అది. హెడ్మాస్టరుగారికి ఫోను చేస్తే, "పంపండి మేడమ్, ఆఫీసు గదిలో నెట్టు ఉంది గానీ పక్క తరగతికి అందదు" అన్నారు. రౌటరును అట్టపెట్టెలో సర్ది, పైన బడి పేరు రాసి సిద్ధంగా పెట్టాను.

ఆ వారంలోనే నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. బెంగళూరు ఎస్.పి. రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. కంప్యూటరు సామాను అమ్మే అంగళ్ళన్నీ అక్కడే. ఆ వీధిలో ఒక అంగట్లో మరమ్మతు పని చేస్తాడు. అట్టపెట్టె చూసి, "ఏంటి మేడమ్ ఇది?" అన్నాడు. చెప్పాను. పెట్టెను తీసి, తిరగేసి, కింద అంటించిన చీటీ చదివాడు. "మేడమ్, దీనికి కంపెనీ ఆఖరుసారి ఫర్మ్‌వేర్ ఎప్పుడిచ్చిందో చూశారా?" అని అడిగాడు. నేను చూడలేదు. అలాంటిది ఒకటి చూడాలన్న సంగతే నాకు తెలియదు.

అతని ప్రశ్న అర్థం కావాలంటే ముందు రౌటరు చేసే పనేమిటో తెలియాలి. ఊరికి టపా సంచి ఒక్కటే వస్తుంది. దాన్ని విప్పి, ఏ ఉత్తరం ఎవరిదో చూసి, ఇంటింటికీ పంచేవాడు పోస్టుమాను. మన ఇంటికి వచ్చే ఇంటర్నెట్టు తీగ కూడా ఒక్కటే. వాడుకునేవి మాత్రం నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక కంప్యూటరు. ఏ సమాచారం ఏ ఫోనుదో చూసి పంచేది రౌటరు. తీగ లేకుండా గాలిలో పంచుతుంది కాబట్టి దాన్ని వైఫై రౌటరు అంటున్నాం. ఆ పెట్టె ఎలా నడుచుకోవాలో చెప్పే ఆదేశాలు దాని లోపలే రాసి ఉంటాయి. ఆ ఆదేశాల కట్టకే ఫర్మ్‌వేర్ అని పేరు. అందులో ఎక్కడైనా లోపం బయటపడితే తయారు చేసిన కంపెనీ సరిదిద్ది కొత్త కట్ట ఇస్తుంది. కొన్నేళ్ళు ఇస్తుంది, ఆ తర్వాత మానేస్తుంది. పెట్టె దీపాలు వెలుగుతూనే ఉంటాయి. చూసేవాళ్ళకు తేడా తెలియదు.

మన దేశంలో ఈ పెట్టెల వయసు కూడా పెద్దదేమీ కాదు. ఇంటర్నెట్టు జనానికి అందింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది 2005లో. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం అనుమతి ఇచ్చిందీ ఆ ఏడే. ఈలోగా వైఫై కూడా తరాలు మారింది. 2009లో ఎన్ అనే రకం, 2013లో ఏసీ అనే రకం, 2019లో వైఫై 6 అనేది వచ్చాయి. మా పాత పెట్టె ఎన్ రకానిది. అంటే మనుషుల లెక్కలో తాత కాకపోయినా పెదనాన్న వరసన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నెట్టు నెమ్మదిగా వస్తోందంటే వెంటనే రౌటరు ముసలిదైపోయిందని అనుకోనక్కరలేదు. నా విద్యార్థి చెప్పిన పరీక్షలు నాలుగు ఉన్నాయి. మొదటిది, కంప్యూటరును తీగతో నేరుగా రౌటరుకు కలిపి చూడడం. తీగలో వేగం బాగుండి గాలిలో లేకపోతే గొడవ వైఫైలో ఉంది. తీగలోనూ లేకపోతే కనెక్షను ఇచ్చినవాళ్ళను అడగాలి. రెండవది, అడాప్టరు. మాటిమాటికీ ఆగి మళ్ళీ మొదలయ్యే రౌటర్లలో చాలావాటికి జబ్బు పెట్టెలో ఉండదు, గోడకు గుచ్చే అడాప్టరులో ఉంటుంది. అదే వోల్టేజీ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న మంచి అడాప్టరు మారిస్తే చాలాసార్లు నయమవుతుంది. మూడవది, చోటు. టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, మైక్రోవేవ్ పొయ్యికి దగ్గర పెట్టి లాభం లేదు. మైక్రోవేవ్ కూడా 2.4 గిగాహెర్ట్‌జ్‌లోనే పనిచేస్తుంది. ఇంటి మధ్యలో, ఎత్తులో, గాలి ఆడేచోట పెట్టాలి. నాలుగవది, ఇరుగుపొరుగు. బెంగళూరులో ఒక్కో అపార్టుమెంటులో యాభై, అరవై రౌటర్లు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్‌జ్‌లో ఒకదానితో ఒకటి తగులుకోకుండా వాడుకోగలిగే దారులు మూడే: 1, 6, 11. అందరూ ఒకే దారిలో నిలబడి మాట్లాడితే సంతలో గోల. 5 గిగాహెర్ట్‌జ్ ఉన్న రౌటరుకు దారులు ఎక్కువ. కానీ ఆ తరంగాలు గోడలు అంత బాగా దాటలేవు. పల్లెలో రాతి మిద్దెల ఇళ్ళకు ఇది గమనించాల్సిన విషయం. పక్కింటి రౌటరే లేని పల్లెలో 2.4 గిగాహెర్ట్‌జ్ పెట్టె ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

అంచేత వేగం ఒక్కటే చూస్తే మా పాత పెట్టె ఆ బడికి సరిగ్గా సరిపోయేది. నేనూ అదే వాదించాను. "అక్కడ పిల్లలు సినిమాలు చూడరు గదా నాయనా, రెండు పాఠాలు చూస్తారు. దానికి ఇది చాలదా?" అన్నాను. "పాఠాలకు చాలు మేడమ్. కానీ బడి ఆఫీసు కంప్యూటరు కూడా దీని మీదనే నడుస్తుంది గదా" అన్నాడు. అప్పుడు నాకు మాట రాలేదు.

బడి ఆఫీసు కంప్యూటరులో ఏముంటుందో నాకు తెలుసు. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, కులం, తలిదండ్రుల ఫోను నంబర్లు, బ్యాంకు ఖాతాలు. ఎక్కించేది మేమే.

రౌటరు బయటివాడి చేతికి చిక్కితే ఏమవుతుంది? మళ్ళీ పోస్టుమాను పోలికే చెబుతాను. బ్యాంకు ఉత్తరాలు ఈ రోజుల్లో లక్కముద్ర వేసుకునే వస్తాయి. అంటే సమాచారం సంకేతాల్లో కట్టి ఉంటుంది, దారిలో ఎవరూ విప్పి చదవలేరు. కానీ పోస్టుమాను దొంగల పక్షాన చేరితే, చదవకపోయినా, మీ ఉత్తరాన్ని తప్పుడు గుమ్మానికి తీసుకుపోగలడు. మీరు బ్యాంకు తలుపు తట్టానని అనుకుంటారు. తీసేది ఇంకొకడు. అదీకాక మీ పోస్టుమాను సైకిలు ఎక్కి వాళ్ళు వేరే ఊళ్ళో దొంగతనానికి వెళితే, ఆనవాలు మీ ఇంటిదే కనిపిస్తుంది.

ఇది ఊహించి చెప్పడం కాదు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షల కెమెరాలను, రౌటర్లను లోబరుచుకుంది. అది చేసిందల్లా ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లను ఒక్కొక్కటిగా ప్రయత్నించడమే. 2017 జూలై చివరి వారంలో మన కర్ణాటకలోనే బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మోడెములు వేల సంఖ్యలో ఉన్నట్టుండి మూగబోయాయి. వాటిలో పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్ అని ఫ్యాక్టరీలో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. పాస్‌వర్డ్ మార్చుకోండని ఆ సంస్థ చందాదారులకు విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. 2025 మే నెలలో అమెరికా ఎఫ్.బి.ఐ. సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. కంపెనీలు చేయి వదిలేసిన పాత రౌటర్లను నేరస్థులు లోబరుచుకుని, తమ జాడ తెలియకుండా వాటి గుండా పనులు చేసుకుంటున్నారని, అలాంటివాటిని మార్చేయమని దాని సారాంశం.

మా పెట్టె సంగతి ఆ సాయంత్రమే చూశాం. కింద చీటీ మీద ఉన్న మోడల్ నంబరు, దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న వెర్షన్ నంబరు రెండూ కలిపి కంపెనీ వెబ్‌సైటులో వెతికాం. ఆఖరి ఫర్మ్‌వేర్ వచ్చి ఏడేళ్ళు దాటింది. నేను ఆ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని మార్చలేదు. అంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. వైఫై పాస్‌వర్డ్ మార్చాను గానీ రౌటరు లోపలికి వెళ్ళే పాస్‌వర్డ్ మార్చలేదు. అవి రెండూ వేరని నాకు తెలియదు. అది కూడా అడ్మిన్, అడ్మినే. తరగతిలో పిల్లలు హోంవర్కు చేయకపోతే కోప్పడే దాన్ని నేను.

అప్పుడు నాకు కఠోపనిషత్తులో నచికేతుడి కథ జ్ఞాపకం వచ్చింది. తండ్రి యజ్ఞం చేసి గోదానం చేస్తుంటాడు. ఇస్తున్న ఆవులు చూస్తే ఒట్టిపోయినవి. ఇక పాలివ్వవు, ఈనవు. అలాంటి దానం ఇచ్చినవాడికి ఏం పుణ్యమని ఆ పిల్లవాడు కలత పడతాడు. పుణ్యానికి గోవునిస్తే పళ్ళెంచాడట అని మన సామెత. పుచ్చుకునేవాడు పళ్ళు లెక్కపెట్టకూడదు, నిజమే. కానీ ఇచ్చేవాడు లెక్కపెట్టాలి గదా! ఆ బడిలో ఎవరూ నన్ను ఏమీ అడగరు. బెంగళూరు నుంచి మేడమ్ పంపిందని సంతోషంగా తగిలించుకుంటారు. అడగరు కాబట్టే నేను చూసి ఇవ్వాలి.

సరే, ఇవ్వకూడదని తేలింది. మరి ఏం చేయాలి? ఉన్న దారులన్నీ ఒక్కొక్కటే చూశాం. మీ ఇంట్లో పరిస్థితి వేరు కావచ్చు కాబట్టి అన్నీ చెబుతాను.

మొదటి దారి, ఉన్నచోటనే ఉంచుకోవడం. కంపెనీ ఇంకా ఫర్మ్‌వేర్ ఇస్తూ ఉంటే, పెట్టెలో డబ్ల్యు.పి.ఎ.2 లేదా 2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.3 రక్షణ ఉంటే, వేగం మీ అవసరానికి చాలుతుంటే, మార్చనక్కరలేదు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, రెండు పాస్‌వర్డ్‌లూ మార్చి వాడుకోండి. పాతది కాబట్టి చెడ్డది అనుకోవడం కూడా తప్పే. డబ్ల్యు.ఇ.పి. అనే పాత తాళం ఒక్కటే ఉన్నదైతే మాత్రం వద్దు. ఆ తాళం తీయడం 2001 నుంచే లోకానికి తెలుసు.

రెండవ దారి, చిన్న ఉద్యోగంలోకి దించడం. కొత్త రౌటరు నుంచి ఒక తీగ మిద్దె మీది గదికి లాగి, పాతదాన్ని అక్కడ వైఫై అందించడానికి మాత్రమే పెట్టుకోవచ్చు. అడ్రసులు పంచే పని, అంటే డి.హెచ్.సి.పి. అనేదాన్ని, పాతదానిలో ఆపేసి, తీగను దాని లాన్ రంధ్రంలో గుచ్చాలి. టెలిఫోను తీగతో పనిచేసిన పాత ఏ.డి.ఎస్.ఎల్. మోడెము కూడా ఇలా పనికొస్తుంది. వీధి వాకిలి కొత్తది కాస్తుంది కాబట్టి ప్రమాదం తగ్గుతుంది. అయితే పూర్తిగా పోదు. కరెంటు లెక్క కూడా వేసుకోండి. 8 వాట్ల పెట్టె రాత్రింబగళ్ళు వెలిగితే ఏడాదికి సుమారు 70 యూనిట్లు.

మూడవ దారి, లోపలి ఆదేశాల కట్టనే మార్చడం. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అని 2004 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు తయారు చేస్తున్న ఉచిత ఫర్మ్‌వేర్ ఉంది. కంపెనీ వదిలేసిన ఎన్నో రౌటర్లకు అది ప్రాణం పోసింది. అయితే 4 మెగాబైట్ల నిల్వ, 32 మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్న చిన్న పెట్టెలకు దాని కొత్త కూర్పులు ఎక్కవు. మా పెట్టె సరిగ్గా ఆ కొలతదే. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

నాలుగవది నాకు నేనే వేసుకున్న దారి. బడికి ఇచ్చి, ఇంటర్నెట్టుకు కలపకుండా, ఆఫీసు కంప్యూటరుకూ ప్రింటరుకూ మధ్య మాత్రమే వాడుకోమంటే? చెప్పగానే నా విద్యార్థి నవ్వాడు. "ఇవాళ కలపరు మేడమ్. రేపు హెడ్మాస్టరు మారతారు. కొత్తగా వచ్చినవారు ఆ తీగ తెచ్చి ఇందులోనే గుచ్చుతారు" అన్నాడు. బడుల సంగతి తెలిసినదాన్ని, కాదనలేకపోయాను.

ఇక మిగిలింది సాగనంపడం. అందులోనూ ఒక పద్ధతి ఉంది. ముందు పెట్టె వెనక ఉండే రీసెట్ రంధ్రంలో పిన్నీసు పెట్టి పది, పదిహేను సెకన్లు నొక్కి ఉంచాలి. మన పాస్‌వర్డ్‌లు, కనెక్షను వివరాలు చెరిగిపోతాయి. ఆ తర్వాత అది ఎక్కడికి పోవాలన్న ప్రశ్న. మా వీధిలో గుజరి అంగడి ఉంది. తూకానికి వేసుకుంటాడు. కానీ అక్కడి నుంచి అది ఎటు పోతుందో మనకు తెలియదు. చాలాచోట్ల రాగి కోసం తీగలను బహిరంగంగా కాల్చడం, లోహాల కోసం సర్క్యూటు బోర్డులను ఆమ్లంలో ముంచడం జరుగుతోంది. ఆ పొగ పీల్చేది, ఆ నీళ్ళలో చేతులు పెట్టేది పేదవాళ్ళు, ఎక్కువసార్లు వాళ్ళ పిల్లలు. ఐక్యరాజ్య సమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. లెక్కకు వచ్చి, సరైన పద్ధతిలో తిరిగి వాడకానికి పోయింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

మన దేశంలో ఈ చెత్తకు ప్రత్యేక నియమాలు 2012 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నాటి నియమాలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వాటి జాబితాలో రౌటర్లు, మోడెములు పేరుపెట్టి చేర్చారు. రిజిస్టరైన సంస్థలే వాటిని విప్పి శుద్ధి చేయాలి. అమ్మిన కంపెనీలకు కూడా బాధ్యత ఉంది. బెంగళూరుకు ఈ విషయంలో ఒక పేరు కూడా ఉంది. తుమకూరు దారిలో దాబస్‌పేట దగ్గర 2005లో మొదలైన ఈ-పరిసర, దేశంలో ప్రభుత్వ అనుమతితో ఎలక్ట్రానిక్ చెత్తను శుద్ధి చేయడం మొదలుపెట్టిన తొలి సంస్థ. మీ ఊళ్ళో అలాంటి ఏర్పాటు లేకపోతే తొందరేమీ లేదు. పాత ఫోన్లు, చార్జర్లు, రౌటర్లు ఒక డబ్బాలో పోగుచేసి ఉంచండి. పట్నం వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వవచ్చు. పాత రౌటరు కుళ్ళే వస్తువు కాదు. కాల్చకుండా, చెత్తకుండీలో వేయకుండా ఉంటే చాలు.

చివరికి మేము చేసింది ఇదీ. పాతదాన్ని రీసెట్ చేసి, అడాప్టరు మాత్రం మంచిది కాబట్టి తీసి పెట్టుకుని, పెట్టెను ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే కేంద్రంలో ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కొంచెం బాధ కలిగిన మాట నిజం. బడికి కొత్త రౌటరు కొన్నాను. దాని ఖరీదు ఒక మాదిరి పట్టుచీరలో సగం కూడా లేదు. పండగకు చీర మానేశాను, అంతే. నా విద్యార్థి కూలి అడగకుండా నాతో వచ్చి, బడిలో దాన్ని బిగించాడు. లోపలి పాస్‌వర్డ్ మార్చి, బడి రిజిస్టరులో తేదీ వేసి రాయించాడు. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఫర్మ్‌వేర్ చూడాలని ఆ పేజీలోనే కింద రాయమన్నాను. పక్క తరగతి పిల్లలు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. "ఇది ఎవరిది?" అని ఒక పిల్ల కన్నడంలో అడిగింది. ఇంకో పిల్ల తెలుగులో "మనదే" అని చెప్పింది.

కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. అలాంటప్పుడు కనెక్షను ఇచ్చేవారిని గట్టిగా అడగండి. ఫైబరు కనెక్షనుతోపాటు రౌటరు ఇచ్చే పథకాలు చాలా ఉన్నాయి. తెలియక మనమే అడగం.

ఈ ఆదివారం ఒక పది నిమిషాలు దీనికి కేటాయించండి. మీ ఇంట్లో పెట్టెను తిరగేసి కింద చీటీ చదవండి. దాని నంబరుతో ఆఖరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చిందో చూడండి, లేదా ఇంట్లో చదువుకున్న పిల్లలచేత చూపించండి. లోపలి పాస్‌వర్డ్ అడ్మిన్ అనే ఉంటే ఆ పూటే మార్చండి. అప్పుడు ఉంచాలో, పంపాలో మీకే తెలుస్తుంది. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే, ఇచ్చే ముందు పళ్ళు మీరే లెక్కపెట్టండి.